అరుగు మీద బొమ్మల పుస్తకం: ఇంటినీ వీధినీ గీసి పెట్టుకోవడం ఎలా

పెళ్లి ఆల్బమ్‌లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. పెరట్లో కొబ్బరికాయలు వలిచే మనిషి ఫోటో మాత్రం ఎవరింట్లోనూ ఉండదు. ఆయన ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు, అమ్మ ఆయనకు మజ్జిగ ఇస్తూనే ఉంటుంది, అయినా ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాలని ఎవరికీ తోచదు. రోజూ కనపడేదాని గతి అంతే. అలాంటివాటిని గీసి, పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టుకునే పుస్తకం ఎలా మొదలుపెట్టాలో, మధ్యలో మూలపడకుండా ఎలా నడపాలో చెబుతాను. బొమ్మలు వేయడం రాదు అనేవాళ్లకే ఇది. చెయ్యి తిరిగినవాళ్లు రేవు సంగతి, చివర్లో పుస్తకం దాచే సంగతి చదువుకుంటే చాలు.

పుస్తకం, పెన్ను

ఏ5 సైజు (ఏ4 కాగితంలో సగం), గట్టి అట్ట, గీతల్లేని కాగితం. అంతకన్నా పెద్దది కొంటే సంచిలో పట్టదు, పట్టకపోతే ఇంట్లోనే ఉండిపోతుంది. ఒట్టి పెన్నుతో గీసేవాళ్లకు 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని కాగితం బరువు) కాగితం సరిపోతుంది. నీటి రంగులు కూడా వేద్దామనుకుంటే 200 జీఎస్ఎం చూసుకోండి, లేకపోతే తడికి పేజీ అప్పడంలా ముడుచుకుంటుంది. మరీ ఖరీదైన పుస్తకం వద్దు. అలాంటిది కొన్నవాళ్లు మొదటి పేజీలో ఏం వేయాలా అని ఆలోచిస్తూ సంక్రాంతి నుంచి ఉగాది దాకా గడిపేస్తారు.

పెన్ను విషయంలో నా ఓటు బాల్ పెన్నుకే. మన గోదావరి డెల్టా వైపు గాలిలో ఉండే తేమకు జెల్ పెన్ను ఇంకు త్వరగా ఆరదు, చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో ఆ గొడవ తక్కువ. పైగా తేలిగ్గా నడిపితే సన్నగా, నొక్కితే ముదురుగా పడుతుంది. పెన్సిలే కావాలంటే 2బి తీసుకోండి. రబ్బరు మాత్రం కొనకండి. గీత తప్పితే దాని పక్కనే సరైన గీత ఇంకొకటి గీయండి, రెండూ ఉండనివ్వండి. అరచేతి కింద ఒక చిత్తుకాగితం ముక్క పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే ఉక్కపోత రోజుల్లో చెమట పేజీకి అంటదు.

ఎక్కడ కూర్చోవాలి

ఒకే చోటు, ఇంచుమించు ఒకే వేళ. మీ అరుగు కావచ్చు, వసారాలో కుర్చీ కావచ్చు, కాలవ గట్టు మీద టీ కొట్టు బల్ల కావచ్చు. రోజుకో చోటికి తిరిగితే ప్రతిచోటా మీరు కొత్తమనిషే. మొదటిరోజు ఎలాగూ ‘ఏంటండీ రాసుకుంటున్నారు, సర్వేనా?’ అని అడుగుతారు. ఇంకో రెండు రోజులు వెనక నిలబడి తొంగిచూస్తారు. ఆ తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకుంటారు, మీకు కావలసింది అదే.

పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర దాటాక అయితే ఎండ ఏటవాలుగా పడుతుంది. నీడలు పొడుగ్గా, స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఏది ముందుందో ఏది వెనకుందో గీయడం తేలిక. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉంటుంది, అప్పుడు గీసింది ఏదైనా చదునుగా వస్తుంది. ఒక్కో బొమ్మకు పది నిమిషాలు చాలు.

ముందు కదలనివి

మొదటి వారం మనుషుల జోలికి పోకండి. గుమ్మం ముందు విడిచిన చెప్పులతో మొదలుపెట్టండి. నాన్నవి, మడమ దగ్గర అరిగినవి. చెల్లెలివి, ఒకటి బోర్లా పడినవి. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయివి, పక్కగా జరిపి జాగ్రత్తగా పెట్టినవి. ప్రతి జత పక్కన ఎవరివో రాయండి. ఆ పూట ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఆ పేజీయే చెబుతుంది. తర్వాత కత్తిపీట, నానమ్మ మందుల డబ్బా, వసారాలో మడతకుర్చీ.

గీసే పద్ధతి ఒకటే. కాగితం వైపు తక్కువ, వస్తువు వైపు ఎక్కువ చూడండి. వస్తువు అంచు వెంట కన్ను ఎంత నెమ్మదిగా కదిలితే పెన్నూ అంతే నెమ్మదిగా, ఎత్తకుండా కదలాలి. కుర్చీ కాళ్లు ఎంతకీ కుదరకపోతే కాళ్లను వదిలేసి వాటి మధ్య కనిపించే ఖాళీ ఆకారాన్ని గీయండి, కాళ్లు వాటంతటవే వస్తాయి. ఏది ఎంత పెద్దదో తేలకపోతే చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్ను మీద బొటనవేలితో కొలవండి. ప్రతిసారీ చెయ్యి అంతే దూరం చాచాలి, మోచెయ్యి వంచితే కొలత మారిపోతుంది.

మనుషులు: చేసిందే చేసే పని పట్టుకోండి

మనుషులు కదులుతారు. ‘కాస్త అలాగే ఉండండి’ అన్నామా, అయిపోయింది. చీర సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి, స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అందుకే ఆపకండి. ఒకే కదలిక పదేపదే వచ్చే పని చేస్తున్నవాళ్లను ఎంచుకోండి.

నేర్చుకోవడానికి పనసపొట్టు కొట్టడాన్ని మించింది లేదని నా అభిప్రాయం. లేత పనసకాయలు దొరికే రోజుల్లో కొట్టేవాళ్ల ఎదురుగా కాకుండా ఒక పక్కగా కూర్చోండి. ముందు చేతులకూ కత్తికీ నూనె రాసుకుంటారు, లేకపోతే కాయ పాలు జిగురుపట్టి వదలవు. ముళ్ల చెక్కు తీసేస్తారు. తెల్లగా బయటపడ్డ కాయను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో టకటకా గాట్లు పెడతారు, కాయను కాస్త తిప్పుతారు, మళ్లీ గాట్లు. గాట్లు పడిన పొరను అడ్డంగా చెక్కితే పొట్టు రాలుతుంది. కాయ అయ్యేదాకా ఇదే.

కాసేపు గీయకుండా చూడండి. అక్కడ ఉన్న భంగిమలు రెండే: కత్తి లేచినప్పుడు ఒకటి, కత్తి దిగినప్పుడు ఒకటి. పేజీని రెండు భాగాలుగా అనుకోండి. కత్తి లేచినప్పుడల్లా ఎడమ బొమ్మకు ఒక గీత, దిగినప్పుడల్లా కుడి బొమ్మకు ఒక గీత. తొందరపడక్కర్లేదు, తప్పిపోయిన భంగిమ మరుక్షణం మళ్లీ వస్తుంది. మొదటి గీత వెన్నుది: మెడ దగ్గర మొదలై నడుం దాకా ఒకే వంపు. తర్వాత భుజం నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి పిడికిలి. తర్వాత కాయ. తల కన్నా పెద్దదా చిన్నదా చూసుకోండి, కొత్తవాళ్లు ఎప్పుడూ కాయను చిన్నగా గీస్తారు. కింద రాలిన పొట్టుకు నాలుగు చుక్కలు చాలు. ముఖం చివర్న, టైముంటే. ముఖంతో మొదలుపెడితే కనుబొమల దగ్గరే ఆగిపోతారు, ఈలోపు పని అయిపోతుంది.

అలవాటయ్యాక చుట్టూ అన్నీ ఇలాంటివే కనిపిస్తాయి. కొబ్బరి దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) అయ్యాక నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మెలిపెట్టి డొక్క వలిచేవాళ్లు. నరసాపురం, పాలకొల్లు పక్క ఊళ్లలో అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్లు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ లేసుకే. కొత్తగా నేర్చేవాళ్లకు వాళ్లు వరం: వేళ్లు తప్ప ఒళ్లు కదలదు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగి పూతరేకు తీసేవాళ్లు. వరినాట్లలో వరసగా వంగినవాళ్లు. ఒక్క వెన్ను సరిగ్గా వస్తే మిగతావి దాన్ని చూసి వేసేయొచ్చు.

పిల్లలు, కోళ్లు, మేకలు ఈ పద్ధతికి లొంగవు. వాటికి అర నిమిషం పెట్టుకోండి, మూడు నాలుగు గీతలు, వదిలేయండి. పేజీ నిండా అలాంటి సగం సగం కోళ్లు ఉన్నా ముచ్చటగానే ఉంటుంది.

ఎవరి బొమ్మలు చూడాలి అంటే, దూరం పోనక్కర్లేదు. బాపు గారు 1933లో పుట్టింది నరసాపురంలోనే. ఆయన బొమ్మ ఏదైనా తీసుకుని, మనిషి నిలబడిన తీరు చూపించడానికి ఎన్ని గీతలు వాడారో లెక్కపెట్టండి. మనం ఎన్ని ఎక్కువ గీస్తున్నామో తెలిసొస్తుంది. రాజమండ్రి పని పడితే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒక పూట కేటాయించండి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర చేరదీసిన కుర్రాడాయన. 1897లో పుట్టి 1925లోనే పోయారు. ఆ కాస్త ఆయుష్షులో మన మనుషుల్నే, మన కట్టూబొట్టునే ఎంత వేసిపెట్టారో చూడండి.

కొబ్బరి చెట్టు ఒక్కటి విడిగా

ఏం గీసినా వెనకాల ఇది వచ్చి నిలబడుతుంది కాబట్టి ఒకసారి నేర్చేసుకోవాలి. మాను స్తంభం కాదు. మొదలు దగ్గర లావుగా మొదలై, వెలుతురున్న వైపుకో నీళ్ల వైపుకో వాలి, పైన మళ్లీ నిటారవుతుంది. మట్టలు గొడుగులా ఒక్క వైపుకే తెరుచుకోవు, అన్ని వైపులకూ ఉంటాయి: లేతవి పైకి, నడివయసువి అడ్డంగా, ముదిరినవి కిందికి. ముందు మట్టల ఈనెలు మాత్రం, ఆరేడు వంపులు గీయండి. ఆకులు ఒక్కొక్కటీ వేయకండి, అడ్డంగా ఉన్న మట్టకు కిందికి వేలాడేలా కొన్ని గీతలు లాగితే చాలు. గెలల దగ్గర ముదురు నీడ పెట్టండి. వంగిపోయిన పాత చెట్టు ఏదైనా కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, 1996 నవంబరు తుపాను నాటి సంగతి ఒకటి బయటికి రావచ్చు. వస్తే దాన్ని ఆ చెట్టు పక్కనే రాసేయండి.

ఏడాదికి నాలుగుసార్లు అదే రేవు

ఇలాంటి పుస్తకాలు రెండు నెలలకు మూలపడటానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. రోజూ అదే వీధి, అదే అరుగు, ఏమీ మారడంలేదు అనిపిస్తుంది. డెల్టాలో ఆ మాట నిజం కాదు, ఇక్కడ నీళ్లతో పాటు అన్నీ మారతాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో తర్వాత బ్యారేజీ వచ్చింది. అక్కణ్నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వెళ్లే కాలవల్ని బట్టే మన ఊళ్లలో దుక్కి, నాటు, కోత, చివరికి బట్టలుతికే వేళ కూడా నడుస్తాయి. కాబట్టి పుస్తకాన్ని కూడా కాలవతోనే నడపండి.

మీ వీధికి దగ్గరి రేవు ఒకటి ఎంచుకుని, ఏడాదిలో నాలుగుసార్లు అదే చోట కూర్చుని గీయండి. ప్రతిసారీ తేదీ పక్కన నీళ్ల పైకి ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాయండి.

మొదటిది వేసవిలో, మరమ్మతులకు కాలవలు కట్టేసినప్పుడు. అన్ని మెట్లూ బయటపడతాయి, కింది మెట్ల మీద ఎండిన పాచి, అడుగున బురద పగుళ్లు, చచ్చిన గుర్రపుడెక్క. కుర్రాళ్లు కాలవలోనే క్రికెట్ ఆడుతుంటారు. రెండోది జూన్‌లో నీళ్లు వదిలాక. కొత్తనీటి మీద చెత్తాచెదారం, కొబ్బరి డొక్కలు కొట్టుకొస్తాయి, నారుమడికి నీళ్లొచ్చాయా అని రైతులు గట్టు మీద తిరుగుతుంటారు. మూడోది జూలై, ఆగస్టుల్లో, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు. నాలుగోది సంక్రాంతి ముందు, నీళ్లు తేటపడి పొద్దున మంచు పట్టి ఉన్నప్పుడు.

గీయడంలో రెండు సంగతులు గుర్తుంటే చాలు. కాలవ గట్లు రెండూ దూరం పోయేకొద్దీ దగ్గరవుతూ మీ కంటి ఎత్తులో ఒక చోట కలుస్తున్నట్టు కనిపిస్తాయి. మెట్టు మీద కూర్చుంటే ఆ కంటి ఎత్తు గీత కిందికి, గట్టు మీద నిలబడితే పైకి వెళ్తుంది. కాబట్టి ముందు కంటి ఎత్తు గీత ఒకటి లేతగా వేసుకోండి. ఇక నీటిలో నీడ ఎప్పుడూ వస్తువుకు నేరుగా కిందనే పడుతుంది, పక్కకు వాలదు. చెట్టు కుడికి వంగి ఉంటే నీడలోనూ కుడికే వంగుతుంది.

వరద రోజుల్లో రేవు దిగకండి, గట్టు మీద నుంచో డాబా మీద నుంచో గీయండి. ఆ వారం ప్రతి ఇంట్లో టీవీ ధవళేశ్వరం నీటిమట్టం చెబుతూనే ఉంటుంది: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ పూట అంకె పేజీ మూల రాసి, దాని కింద ఆ పూట ఇంట్లో జరిగింది రాయండి. లంకలో ఉండే అత్తయ్యగారు గేదెల్ని తోలుకుని వచ్చేశారు, వసారాలో పక్కలు వేశారు, గ్యాస్ బండ మేడ మీదికి ఎక్కించారు. ఏదైనా సరే. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇంట్లో ఉంటే నీళ్లు ఎంతవరకు ఎక్కాయో గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి, ఆ వేలు, పక్కన స్విచ్‌బోర్డు గీయండి. స్విచ్‌బోర్డు ఉంటే ఎత్తు ఎంతో చూసేవాళ్లకు తెలుస్తుంది.

బొమ్మ పక్కన మాట

బొమ్మ ఎలా వచ్చినా పక్కన రాసింది బాగుంటే పేజీ నిలబడుతుంది. అందుకని ‘ఈ రోజు చాలా ఆనందంగా గడిచింది’ లాంటివి రాయకండి. మూడు విషయాలు పెట్టుకోండి: ఎవరు ఉన్నారు, ఎవరు ఏ మాట అన్నారు, ఆ రోజు ధర ఏదైనా ఒకటి. మాటను అన్నది అన్నట్టే రాయాలి, పుస్తక భాషలోకి దిద్దకూడదు. మామ్మ తన బొమ్మ చూసి ‘ఆయ్, నా ముక్కు అంతుందేంటే!’ అంటే అలాగే రాయండి.

ఇలా ఉంటే సరిపోతుంది:

‘దింపు. వెయ్యి కాయల ధర దగ్గర నాన్నకూ కొనేవాళ్లకూ మాటా మాటా పెరిగింది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధర ఇంత ఉంటే ఇక్కడ అంతేంటని నాన్న. అమ్మ అందరికీ బొండాలు కొట్టించింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఉక్క.’

ధర ఎందుకంటే, అది కాలంతో పాటు తప్పకుండా మారుతుంది. టీ, కోడిగుడ్డు, ఆటో, పంటు (ఏరు దాటించే పడవ) మీద బండి దాటించే టికెట్టు, ఏదో ఒకటి. ఇప్పుడు మామూలుగా కనిపించే అంకెను పదేళ్ల తర్వాత పిల్లలు చదివి నవ్వుతారు.

అడగాలా, అడగకూడదా

ఇంట్లోవాళ్లను అడగక్కర్లేదు, చూపిస్తే చాలు. వీధిలో వాళ్లను గీశాక అడగండి: ‘పిన్నిగారూ, మీ బొమ్మ వేశానండి, ఉంచుకోనా?’ పుస్తకం చేతికివ్వండి. ఎక్కువమంది నవ్వేసి పక్కింటివాళ్లను పిలుస్తారు. వద్దన్నవాళ్ల దగ్గర వాదన పెట్టుకోకండి, ఆ పేజీ చింపి వాళ్లకే ఇచ్చేయండి. రేవులో స్నానాలు చేసేవాళ్లను గీయనే వద్దు, మెట్ల మీద బిందెలు, పిండి ఆరేసిన చీరలు ఉన్నాయి కదా. పిల్లల్ని గీస్తే వాళ్ల అమ్మకు చెప్పండి. ఇక గీసినదాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం వేరే సంగతి, దానికి వేరే అడగాలి. ముఖం గీయడానికి మొహమాటమైతే వెనక నుంచి గీయండి. తువ్వాలు భుజాన వేసుకున్న తీరును బట్టే ఊళ్లోవాళ్లు ‘ఇది మన బాబాయ్ కదూ’ అనేస్తారు.

రంగు, పండగ

రంగులు మొదటి పుస్తకానికి తప్పనిసరి కాదు. వేస్తే నీలం, పసుపు, ఒక ఎర్రమట్టి గోధుమ, ఈ మూడూ చాలు. డబ్బాలో వచ్చే ఆకుపచ్చ నేరుగా వాడితే మన ఊరు ప్లాస్టిక్ ఊరిలా ఉంటుంది. నీలం, పసుపు కలిపి చిటికెడు గోధుమ వేయండి. నారుమడికి పసుపు పాలు ఎక్కువ, కొబ్బరికి నీలం, గోధుమ ఎక్కువ, అరటి ఆ రెండింటికీ మధ్య. వరదనీటికి గోధుమలో కాస్త పసుపు. బాల్ పెన్ను గీత మీద రంగు వేసేముందు పేజీ మూల ఒకసారి తడిపి చూసుకోండి.

పండగల్లో జనం మొత్తాన్ని వేయాలని చూస్తే ఏదీ రాదు. కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోట తీర్థంలో దేవుణ్ని ఊరేగించే ప్రభ ఒక్కటి, దాని కింద మోసేవాళ్ల భుజాలు, అంతే. నన్నడిగితే తీర్థం కన్నా అంతకు ముందు రోజుల్లో ఊళ్లో వెదుళ్లు వంచి, తాళ్లు బిగించి, గుడ్డలు చుట్టి ప్రభ కట్టే పనే గీయడానికి బాగుంటుంది. మనుషులు కూర్చుని ఉంటారు, కబుర్లు వినపడతాయి, రాసుకోవడానికి బోలెడంత దొరుకుతుంది.

దాచడం

వానాకాలంలో కాగితం తేమ పీలుస్తుంది, పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అట్టకు బూజు పడుతుంది. రంగు వేసిన పేజీని పూర్తిగా ఆరకుండా మూయకండి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద తెరిచి ఒక గంట వదిలేయండి. వారానికోసారి కొత్త పేజీలను పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే మీ చేతి నీడే పేజీ మీద పడుతుంది.

నిండిన పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టండి. చెప్పుల డబ్బాల్లో, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు పారేయకుండా రెండు అందులో వేయండి. వెన్ను మీద మొదలుపెట్టిన నెల, ముగించిన నెల రాయండి. గోడకు ఆనించిన అలమరలో కింది అర వద్దు, చెద ముందు అక్కడికే వస్తుంది. లంకలోనో ఏటిగట్టు పక్కనో ఇల్లయితే పట్టా పాసుపుస్తకం, రేషన్ కార్డు ఉండే సంచిలోనే దీన్ని కూడా పెట్టండి. నీళ్లొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు మొదట పట్టుకెళ్లేది ఆ సంచినే.